గురజాల ఆడపడుచు

పల్నాటి యుద్ధం అనగానే మనకి గుర్తొచ్చే భార్య మాంచాల. కాపురం ఎరగని మొగుణ్ణి, బాలచంద్రుణ్ణి, యుద్ధానికి సాగనంపిన మనిషి. నాకు మాత్రం ఇంకొకామె దగ్గర ఆగిపోవాలనిపిస్తుంది: పేరిందేవి.

ఆమె గురజాల రాజు నలగాముడి కూతురు. భర్త అలరాజు మాచర్ల మలిదేవుడి పక్షం. కోడిపందెంలో ఓడి మాచర్లవాళ్లు ఏడేళ్లు వలసపోయారు. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి అలరాజే రాయబారం వెళ్లాడు. అల్లుడి మాట కాదనరని అనుకుని ఉంటారు. వెళ్లినవాణ్ణి విషం పెట్టి చంపారు. అది నాయకురాలు నాగమ్మ పన్నాగమే అంటుంది కథ. పేరిందేవి సహగమనం చేసింది. ఇక సంధి మాట లేదు. కారంపూడిలో, నాగులేటి ఒడ్డున యుద్ధమే.

మాంచాల కూడా నలిగింది, కానీ ఆమెకి ఒకటే పక్షం. పేరిందేవికి అటు పుట్టిల్లు, ఇటు మెట్టినిల్లు. ఎవరు గెలిచినా ఓడేది ఆమె ఇల్లే. ఆ చావుని పాతివ్రత్యం అనేసి దాటేయడం తేలిక. నాకైతే అది, నిలబడటానికి ఏ ఊరూ మిగలని మనిషి చావు.

యుద్ధం 12వ శతాబ్దంది, శ్రీనాథుడి ‘పల్నాటి వీరచరిత్ర’ 15వ శతాబ్దంది. కాబట్టి ఆమె నిజంగా ఏమనుకుందో మనకి అందదు, వీరగాథ దాచుకున్నదే అందుతుంది. కారంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవాలు అయిదు రోజులు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. రాయబారానికి ఒక రోజుంది. అది చెడిపోతే వితంతువైన మనిషికి లేదు.