గడీ వెనుక వాకిలి: వెట్టి చరిత్రను ఎవరు చెప్పాలి?

ప్రస్తావన

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పల్లెలలో సువార్త పని మీద తిరిగిన వారికి గడీలు కొత్త కాదు. ఎత్తయిన గోడ, పెద్ద దర్వాజ, మూలకొక బురుజు, లోపల కూలిపోతున్న దూలాలు. కొన్ని బడులకు, కార్యాలయాలకు పనికివచ్చాయి. చాలావాటిలో తుమ్మచెట్లు మొలిచాయి. ఇటీవలి సంవత్సరాలలో వీటిని వారసత్వ కట్టడాలుగా కాపాడాలనే మాట వినబడుతున్నది. సిరిసిల్లకు పొరుగున ఉన్న కామారెడ్డి జిల్లాలో దోమకొండ కోటను బాగుచేసిన పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాలలో ఒకటి లభించింది. పడిపోయే గోడను నిలబెట్టడం మంచి పనే.

అయితే గోడ నిలిచిన తరువాత దాని కథ చెప్పేది ఎవరు? చూడవచ్చిన వారిని ఏ వాకిలి నుండి లోపలికి తీసుకొనిపోతారు? దొర కూర్చున్న ముందరి అరుగు మీదికా, లేక చాకలి, మాదిగ, మాల, కుమ్మరి తలవంచి వచ్చిన వెనుక వాకిలికా? గడీ చరిత్రను వెనుక వాకిలి నుండి చెప్పాలనీ, అక్కడ వెట్టి చేసిన వారి సంతతే దానిని చెప్పాలనీ, ఆ పనికి మన సంఘాలు తమ సొంత చరిత్రతోనే మొదలుపెట్టాలనీ ఈ వ్యాసములో మనవి చేస్తున్నాను.

1. గడీ అనే ఏర్పాటు

జగిత్యాలలో నక్షత్రాకారపు కోట ఉన్నది. 18వ శతాబ్దములో ఫ్రెంచి ఇంజనీర్ల సహాయముతో కట్టించారని చెప్తారు. అది సైన్యము కోసం కట్టినది. గడీ అటువంటిది కాదు. గడీ ఊరి మీద అధికారము కోసం కట్టినది. పన్ను వసూలు, పంచాయితీ, దండుగ, శిక్ష, ధాన్యపు నిలువ అన్నీ ఆ గోడల మధ్యనే జరిగేవి.

నిజాం రాజ్యములో సుమారు 60 శాతము భూమి దివానీ క్రింద, 30 శాతము జాగీర్ల క్రింద, 10 శాతము నిజాం సొంత ఖర్చులకైన సర్ఫేఖాస్ క్రింద ఉండేది. 1860లలో సాలార్‌జంగ్ సంస్కరణలు వచ్చి, పన్ను వసూలు ప్రభుత్వోద్యోగుల చేతికి మారింది. ఆ హక్కు పోయిన దేశ్‌ముఖులకు, దేశ్‌పాండ్యాలకు రుసుములు ఏర్పాటు చేశారు. తరువాత భూముల సర్వే జరిగినప్పుడు మంచి భూములు పలుచోట్ల వారి పేర్లనే దస్త్రాలకెక్కాయి. ఊరి పటేల్, పట్వారీ పదవులు కూడ తరచుగా ఆ కుటుంబాలవే. కాబట్టి దొర అంటే భూమి, దస్త్రము, దండన మూడూ ఒకే చేతిలో ఉన్న మనిషి.

ఆ చేతి క్రింద నడిచినదే వెట్టి. చాకలి బట్టలు ఉతికి, పసుపు కారాలు దంచాలి. కుమ్మరి కుండలివ్వాలి. మంగలి కాళ్ళు పిసకాలి. గొల్ల పండుగకు గొర్రెనివ్వాలి. మాదిగ చెప్పులు, మోట తోళ్ళు కుట్టాలి. మాల ఉత్తరాలు, మూటలు మోసి పొరుగూరికి పోవాలి. దొర బండి ముందర పరుగెత్తాలి. నాగుకు తెచ్చిన గింజల అప్పు తీరక, తండ్రి తరువాత కొడుకు జీతగాడయ్యేవాడు. దొర బిడ్డ అత్తవారింటికి పోతే ఆమె వెంట ఆడబాపగా పేదింటి పిల్లను పంపేవారు. ఆ పిల్ల శరీరము కూడ ఆ ఇంటి సొత్తే. బి. నర్సింగరావు 1988లో తీసిన దాసి చిత్రము ఈ బ్రతుకునే చూపింది.

వెట్టికి ఎదురు చెప్పినవారు ఆ కాలములోనే లేకపోలేదు. మాడపాటి హనుమంతరావు, ఆయన మిత్రులు 1920ల నుండి దీనిని ఖండిస్తూ వచ్చారు. 1935లో నాలుగవ ఆంధ్ర మహాసభ ఆయన అధ్యక్షతన సిరిసిల్లలోనే జరిగింది.

2. చట్టము వచ్చింది, వెట్టి పోలేదు

1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1973లో భూపరిమితి చట్టము, 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టము వచ్చాయి. అయినప్పటికీ ఈ ప్రాంతములో దొరల పెత్తనము 1970ల చివరి దాకా సాగింది. అప్పుడు రైతుకూలీ సంఘాలు లేచాయి. కూలి రేట్లు పెంచాలని, జీతగాండ్ల జీతాలు పెంచాలని, వెట్టి మానాలని, దండుగల పేరిట గుంజిన సొమ్ము తిరిగి ఇవ్వాలని అడిగాయి. కొన్ని ఊళ్ళలో చాకలి, మంగలి, పాలేరు ఎవరూ దొర ఇంటికి పోలేదు. తరతరాలుగా ఊరిని వెలివేసిన గడీని ఊరే వెలివేసింది. 1978 సెప్టెంబరులో వేలాదిమంది జగిత్యాల పట్టణములోకి ఊరేగింపుగా నడిచారు. దానినే జగిత్యాల జైత్రయాత్ర అంటారు. అక్టోబరులో ప్రభుత్వము సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

ఆ తరువాతి రెండు దశాబ్దాలలో కారిన రక్తమును గూర్చి ఒక కాపరిగా నేను తేలికగా మాట్లాడలేను. తుపాకి ఏ వైపున పేలినా ఏడ్చిన తల్లులు ఈ పల్లెల తల్లులే. చాలామంది దొరలు పట్టణాలకు వెళ్ళిపోయారు. ఖాళీ అయిన గడీలలో కొన్నిచోట్ల పోలీసు క్యాంపులు దిగాయి. వెట్టి చేసిన వారి పిల్లలు కూడ ఊళ్ళో నిలువలేదు. కోరుట్ల, జగిత్యాల వైపు వారు గల్ఫుకు, సిరిసిల్ల నేతపనివారు భీవండికి పోయారు. ఆడవారు ఇంటి వద్ద బీడీలు చుట్టారు. కాబట్టి ఈనాడు గడీ గోడ ఇక్కడున్నది, దాని కథ తెలిసినవారు దుబాయిలోను, భీవండిలోను ఉన్నారు. సమాజమును కలుపుకొని చరిత్ర చెప్పాలనేవారు ముందుగా గమనించవలసిన సంగతి ఇది.

3. సముద్రము అవతల ఒక తోట

ఇదే ప్రశ్న వేరే దేశాలలోను వచ్చింది. అమెరికాలో బానిసల చేత చెరకు, పత్తి పండించిన పెద్ద తోటలను ప్లాంటేషన్లంటారు. ఆ తోటల యజమానుల భవనాలు చాలాకాలము అందమైన విహార స్థలాలుగా, పెండ్లి వేదికలుగా నడిచాయి. చూడవచ్చినవారికి వెండి పాత్రలు, మెట్ల నగిషీలు చూపించేవారు. వాటిని తోమినవారి మాట ఎత్తేవారు కాదు.

లూసియానా రాష్ట్రములోని విట్నీ ప్లాంటేషన్ దీనికి భిన్నమైన దారి పట్టింది. 1752లో మొదలైన ఆ తోటను జాన్ కమింగ్స్ అనే న్యాయవాది కొని, సెనెగల్ చరిత్రకారుడు ఇబ్రహీమా సెక్ సహాయముతో 2014 డిసెంబరులో సందర్శకులకు తెరిచారు. అక్కడ కథ బానిసల వైపు నుండి నడుస్తుంది. ఆ తోటలో బానిసలైన 350 మందికి పైగా మనుష్యుల పేర్లు గోడ మీద చెక్కారు. ఒకప్పటి బానిసలు ముసలితనములో చెప్పుకొన్న మాటలను 1930లలో ప్రభుత్వము వ్రాయించి పెట్టింది. ఆ మాటలను కూడ అక్కడ చదువవచ్చు. 2019లో కమింగ్స్ ఆ స్థలమును లాభాపేక్ష లేని సంస్థకు అప్పగించారు.

తొలినాళ్ళలో అక్కడి సందర్శన ఒక చర్చిలో మొదలయ్యేది. విడుదలైన బానిసలు కట్టుకొన్న ఆ మందిరమును వేరేచోటి నుండి అక్కడికి తరలించారు. దానికి అంతియొకయ అను పేరున్నది. అయితే మొదట దాని పేరు కాడికి ఎదురు అని అర్థమిచ్చే మాట. ఇంగ్లీషులో ఆ రెండు మాటలు ఇంచుమించు ఒకే విధముగా పలుకుతాయి. శిష్యులు మొట్టమొదట క్రైస్తవులనబడిన పట్టణము పేరును, మెడ మీది కాడిని విరుచుకొన్న జ్ఞాపకమును వారు ఒకేచోట కలిపి పెట్టుకొన్నారు. వేదాంత విద్యార్థులు దీని మీద కొంతసేపు ఆగి ఆలోచించాలి.

మరొక పాఠము వర్జీనియాలోని మాంట్‌పీలియర్ నుండి. అది నాలుగవ అధ్యక్షుడైన జేమ్స్ మాడిసన్ ఎస్టేటు. బానిసల సంతతివారిని ఎట్లు కలుపుకోవాలో తెలిపే మార్గదర్శకాలు 2018లో అక్కడి సమావేశము నుండే వచ్చాయి. 2021లో పాలకమండలిలో సంతతివారికి సమాన స్థానము ఇస్తామన్నారు. 2022 మార్చిలో ఆ మాట వెనక్కి తీసుకోగా పెద్ద వివాదము లేచింది. మే నెలలో సంతతివారు సూచించిన 11 మందిని మండలిలోకి ఎన్నుకొన్న తరువాతనే అది సద్దుమణిగింది. కథ చెప్పమని పిలవడము సులువు. తాళపుచెవి చేతికివ్వడము కష్టము.

గడీ, ప్లాంటేషన్ ఒకటే అని నా వాదన కాదు. అక్కడ మనుష్యులను సంతలో అమ్మారు. ఇక్కడ కులము పుట్టుకతోనే మనిషిని గడీకి కట్టివేసింది. కాని యజమాని ఇల్లు నిలిచి, పనివాని గుడిసె మట్టిలో కలిసిపోవడము రెండుచోట్లా ఒక్కటే.

4. లేఖనము ఎవరి పేర్లు వ్రాసింది?

తెలుగు బైబిలు అనువాదకులు నిర్గమకాండము 1:11లో ఇశ్రాయేలీయుల శ్రమకు వెట్టి అనే మాటనే వాడారు. ఆ మాట విన్న మన పల్లె విశ్వాసులకు వ్యాఖ్యానము అవసరము లేకపోయింది. అదే అధ్యాయములో మరొక విశేషమున్నది. ఆ ధాన్యపు పట్టణాలు కట్టించిన ఫరో ఎవరో ఆ గ్రంథము పేరు పెట్టి చెప్పదు. పసిపిల్లలను బ్రతికించిన మంత్రసానులు షిఫ్రా, పూయాల పేర్లు మాత్రము వ్రాసి పెట్టింది. మన గడీల విషయములో దీనికి తలక్రిందులుగా జరిగింది. దొరల వంశవృక్షాలున్నాయి. ఆ గోడకు రాయి మోసిన మనిషి పేరు లేదు.

ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయము ఇంకొక మెట్టు ఎక్కిస్తుంది. ప్రథమ ఫలముల గంప తెచ్చిన రైతు యాజకుని యెదుట తన పితరుని దిక్కులేనితనమును, ఐగుప్తులోని దాస్యమును నోటితో ఒప్పుకోవాలి. పంట పండిన రోజున, సొంత భూమి ఉన్న రోజున, ఆ మాట చెప్పాలి. దాస్యమును దాచిపెట్టవలసిన మచ్చగా కాక, ఆరాధనలో పలుకవలసిన సాక్ష్యముగా దేవుడు ఏర్పాటు చేశాడు. సిగ్గు వెట్టి చేసినవానిది కాదు, చేయించినవానిది.

5. నా సొంత తప్పు

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. ఇరువది ఏండ్ల క్రిందట ఒక సంఘపు స్వర్ణోత్సవ సంచిక వ్రాసే పని నాకు అప్పగించారు. మిషనరీల పేర్లు, కాపరుల పేర్లు, వారు పనిచేసిన సంవత్సరాలు, చందాలిచ్చినవారి పట్టిక అన్నీ శ్రద్ధగా సమకూర్చాను. ఆ సంఘములో ఒక వృద్ధ సహోదరి ఉండేది. ఒక సాయంత్రము ఆమె తన తల్లిని గూర్చి చాలాసేపు చెప్పింది. గడీలో వడ్లు దంచిన సంగతి, చంటిబిడ్డకు పాలివ్వడానికి కూడ పోనివ్వని సంగతి, రాత్రివేళ దీపము ఆర్పుకొని పాకలో ప్రార్థనకు చేరిన సంగతి. చివరకు నా చెయ్యి పట్టుకొని, "అయ్యగారూ, ఇదంత పుస్తకంల రాయకుండ్రి. మనుమరాండ్ల పెండ్లిండ్లు కావాలె" అన్నది.

నేను వ్రాయలేదు. అందువరకు తప్పు లేదు. ఆమె మాటను ఎక్కడా పదిలపరచలేదు, పేరు మార్చి అయినా ఒక నోటుపుస్తకములో ఎక్కించలేదు. అది నా తప్పు. ఆమె ప్రభువునందు నిద్రించిన తరువాత, డిగ్రీ చదువుతున్న ఆమె మనుమరాలు వచ్చి, "అయ్యగారూ, మా అమ్మమ్మ మీకేమన్న చెప్పిందా? మీ సంచికల మా ఇంటిపేరే లేదు" అని అడిగింది. నాకు గుర్తున్నంత చెప్పాను. ఆమె తల్లి పేరు మాత్రము నాకు గుర్తు రాలేదు. దొర పేరు గుర్తున్నది.

ఒక తరము దాచమన్నది. మూడవ తరము వెదకుచున్నది. ఈ రెంటి మధ్య నమ్మకమైన గృహనిర్వాహకునిగా ఉండవలసినవాడు కాపరి.

6. చేయవలసిన పనులు

మొదటిది, మన మందిరాల కథను మనమే సరిచేసుకోవాలి. మెదక్ కథీడ్రల్ 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడింది. కరువు కాలములో పేదలకు పనిచ్చి, తిండి పెట్టి దానిని కట్టించారని మనము గర్వముగా చెప్తాము. చార్లెస్ పోస్నెట్ పేరు ప్రతి సందర్శకునికి చెప్తాము. తట్ట మోసిన ఒక్క స్త్రీ పేరు మనలో ఎందరికి తెలుసు? మన ఇంట ఈ పని చేయకుండ గడీల వారికి బోధించలేము.

రెండవది, పెద్దల మాటలను వారి అనుమతితో, వారి భాషలోనే రికార్డు చేయాలి. పేరు బయటపెట్టవద్దంటే పెట్టరాదు. ఎప్పుడు తెరవవచ్చునో కూడ వారినే అడగాలి. గల్ఫులో, భీవండిలో ఉన్నవారితో ఫోనులోనైనా మాట్లాడాలి. సెమినరీ విద్యార్థులు వేసవి సెలవులలో చేయదగిన పరిశోధన ఇది.

మూడవది, ఎక్కడైనా ఒక గడీని సందర్శన స్థలముగా తెరిచే ప్రయత్నము జరిగితే, దాని నిర్వాహక మండలిలో వెట్టి చేసిన కులాల వారికి కనీసము సగము స్థానాలు అడగాలి. చూపించేవారు ఆ ఊరి పిల్లలై ఉండాలి. దర్వాజ, దివాణముతోపాటు దంపుడు చావడి, ధాన్యపు పాతర, పశువుల కొట్టము, ఆడబాప పడుకొన్న మూల చూపించాలి. ఆ స్త్రీల సంతతి ఎవరో గుర్తుపట్టేటట్లు మాత్రము చెప్పరాదు.

నాల్గవది, దొరల వారసులకు కూడ అక్కడ స్థానముండాలి. దస్త్రాలు, ఫోటోలు వారి వద్దనే ఉన్నాయి. తాతల పనికి మనుమలు నేరస్థులు కారు. అయితే తెలిసినదానిని దాచితే ఆ దాచడము వారి సొంతమవుతుంది. జక్కయ్య ఇంట యేసు బసచేసిన రోజున రక్షణ వచ్చింది ఆ ఇంటికే అని మనకు తెలుసు. కాని లెక్క అప్పజెప్పిన తరువాతనే వచ్చింది.

ముగింపు

యొర్దాను దాటినప్పుడు నిలిపిన పండ్రెండు రాళ్ళు పిల్లలు అడుగుటకే నిలుపబడినవి. ఇవేమి రాళ్ళని అడిగిన పిల్లకు తండ్రి జవాబు చెప్పాలి. గడీ రాళ్ళను గూర్చి కూడ మన పిల్లలు అడుగుచున్నారు. దొర ఎంత గొప్పవాడో చెప్పి పంపిస్తే అది జవాబు కాదు. ఆ రాళ్ళు ఎవరి తలమీదుగా వచ్చాయో చెప్పాలి.

ఆ మనుమరాలు ఇప్పుడు తన వాడలో ముసలమ్మల వద్ద కూర్చొని పేర్లు వ్రాసుకొంటున్నది. ఆమె పుస్తకములో మొదటి పుట ఇంకా ఖాళీగానే ఉన్నది. అది ఆమె అమ్మమ్మ తల్లి కోసం ఉంచినది. నాకు గుర్తుండవలసిన పేరు అది.