అలసందా నగర దర్శనము - ఒక నామవిచారము

ఐగుప్తు దేశమందలి అలెగ్జాండ్రియా నగరమున జరిగిన యొక భాషాచరిత్ర సదస్సునకుఁ బిలుపు రాఁగా నచ్చటికిఁ బోయి యాఱు దినము లుంటిని. పాణినీయముతోడనే కాలము గడపిన నాకు సముద్రము దాఁటుట యిదియే మొదలు. నగరమును జూచు వేడుక యొకటి కలదు. అంతకంటెఁ బెద్ద వేడుక మఱియొకటి కలదు. మన వంటయిండ్లలోని అలసందలకు ఆ నగరమును బట్టియే పేరు వచ్చినదని పదియేండ్ల క్రిందట నొక సభలో నుపన్యసించి యుంటిని. ఆ మాటను గొందఱు తమ వ్యాసములలోఁ జేర్చుకొనిరి. దానినే యా నగరమున విద్వాంసుల యెదుటఁ జదువవలెనని నా కోరిక. అట్లే చదివితిని. తిరిగి వచ్చునప్పటికి ఆ మాట నాకు మిగులలేదు. అది యెట్లు పోయినదో, దానికి బదులుగా నేమి లభించినదో విన్నవించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ఈ నగరమును మాసిడోనియా రాజగు అలెగ్జాండరు క్రీ. పూ. 331లో స్థాపించెను. తీరమున కెదురుగా ఫారసు అను చిన్న ద్వీప ముండెను. ఏడు స్టేడియముల పొడవున సేతువు కట్టి దానిని దీరముతోఁ గలిపిరి. సేతువున కిరుప్రక్కల రెండు రేవు లేర్పడినవి. ద్వీపము చివర నుండిన దీపస్తంభము ప్రాచీనులు లెక్కించిన యేడు వింతలలో నొకటి. 14వ శతాబ్ది భూకంపములచే నది కూలిపోఁగా, ఆ స్థలముననే కైత్‌బే అను సుల్తాను 1477లో దుర్గము కట్ట నారంభించెను. ప్రాచీన సేతువున కిరువైపుల నిసుక మేటవేసి నేఁడది విశాలమగు నేల యైనది. దానిమీఁద నిండ్లును వీథులును గలవు. ఆ వీథులలో నడచువారు తాము సేతువుపై నడచుచున్నామని యెఱుఁగరు.

వైయాకరణునకు నగరముకంటె ముందుగా నగరము పేరు కనఁబడును. దిగినవెంటనే నా చెవిఁ బడిన పేరు ‘అల్ ఇస్కందరియ్యా’. గ్రీకు పేరునకు మొదట నున్న ‘అల్’ అను భాగమును అరబ్బులు తమ భాషలోని యుపపదముగా భావించి విడఁదీసిరి. మిగిలినదానిలో ‘క్స’ అను సంయుక్తము తలక్రిందై ‘స్క’ యయ్యెను. మన నైరుక్తులు చెప్పు వర్ణవిపర్యయమునకు నింతకంటె స్పష్టమగు నుదాహరణము వలదు. పాలి గ్రంథమగు మిలిందపఞ్హమున నీ పేరు ‘అలసంద’ యైనది. ఇచ్చట కకారమును రేఫమును లోపించినవి. అశోకుని 13వ శిలాశాసనమున నొక యవనరాజు ‘అలికసుదర’ యని పేర్కొనఁబడెను. అతఁడు నగరస్థాపకుఁడు గాఁడు. ఆ పేరే గల తరువాతివాఁడు. ఇచ్చట కకారము లోపింపక, సంయుక్తము నడుమ నచ్చు చేరినది. లోపము, ఆగమము, విపర్యయము, మూఁడును ఒక్క పేరునందే కనఁబడుట నాకుఁ బండుగవలె నుండెను. ఆ సంతోషమే నన్నుఁ దప్పుదారిఁ బట్టించినదని తరువాతఁ దెలిసికొంటిని.

నా యుపన్యాసమునందలి వాద మిది. తెనుఁగున అలసంద, కన్నడమున అలసందె, జైన ప్రాకృతమున అలిసందగ, సంస్కృతమున అలసాంద్ర యని యీ ధాన్యమునకుఁ బేళ్లు గలవు. వీనిలో నేదియు సంస్కృత ధాతువులనుండి సుకరముగా సాధింప శక్యము గాదు. పాలి యందలి నగరనామముతో నివి యక్షరాక్షరము పొసఁగుచున్నవి. కావున నలసందా నగరమునుండి వచ్చినది అలసంద. సభవారు చప్పట్లు కొట్టిరి. అప్పు డైగుప్తు విద్వాంసుఁ డొకఁడు లేచి మిక్కిలి మర్యాదతో, “అయ్యా, ఆ గింజలు మా రేవున నోడ యెక్కినట్లు చెప్పిన వారెవరు?” అని యడిగెను. నాయొద్ద సూత్రములు గలవు, ఉత్తరము లేదు. “విచారించి చెప్పెద” నని కూర్చుంటిని.

మఱునాఁడు మమ్ము సెరాపియము అను ప్రాచీన దేవాలయపు దిబ్బకుఁ గొనిపోయిరి. క్రీ. శ. 391 ప్రాంతమున నా యాలయము ధ్వంసమయ్యెను. అచ్చట ఆస్వాను గనులనుండి తెచ్చిన యెఱ్ఱరాతి స్తంభ మొకటి సుమారు 27 మీటర్ల యెత్తున నొంటిగా నిలిచియున్నది. దానిని బాశ్చాత్యులు శతాబ్దములతరబడి ‘పాంపే స్తంభ’ మనిరి. సీజరునకుఁ బ్రతిపక్షియై యైగుప్తు తీరమునఁ జంపఁబడిన రోమక సేనాని పాంపే స్మారక మని వారి నమ్మకము. కాని స్తంభపీఠముననే గ్రీకు శాసనము గలదు. దానిని జదువఁగా నా స్తంభము డయొక్లీషియను చక్రవర్తి గౌరవార్థము ఐగుప్తు పాలకుఁడు నిలిపినదని తేలెను. పాంపే చనిపోయిన మూఁడువందల యేండ్లకుఁ బైగాఁ గడచిన పిదపఁ బుట్టిన కంబమది. చూచువారందఱు తల యెత్తి శిఖరమును జూచి పేరు పెట్టిరి; వంగి పీఠమును జదివినవారు తక్కువ. నేనును అలసందల విషయమున శిఖరమునే చూచితిని గాని పీఠమును జూడలేదని యచ్చటనే నాకు సిగ్గు గలిగెను.

ఆ సాయంకాలము కోం ఎల్ దిక్కా యను చోట త్రవ్వకములలో బయల్పడిన పాఠశాలలకుఁ బోయితిని. ఇవి క్రీ. శ. 5 మొదలు 7వ శతాబ్దులనాఁటివి. సుమారు 20 గదులు గలవు. మూఁడుప్రక్కల మెట్లవలె శిష్యుల యాసనములు, ఒకచివర నెత్తైన గురుపీఠము. అంతకు ముందెన్నఁడో, క్రీ. పూ. రెండవ శతాబ్దిలో, ఈ నగరముననే విద్య నేర్చిన డయొనీసియసు థ్రాక్సు పేర గ్రీకు వ్యాకరణము వెలసెను. దానియందుఁ బదములు 8 విధములు. మన యాస్కునకు నామాఖ్యాతోపసర్గనిపాతములని నాలుగే. గురుపీఠమున గాక శిష్యుల మెట్టుపైఁ గూర్చుండి, నా వాదమును మొదటినుండి మరల విమర్శించుకొంటిని.

అలసంద మొక్క మొదట సాగులోనికి వచ్చినది ఆఫ్రికా ఖండమున. క్రీ. పూ. రెండవ సహస్రాబ్దియందే యది మన దేశమున నుండెనని పురావస్తువేత్తలు చూపిరి. అనఁగా నగరము పుట్టుటకు ముందే గింజ మనయొద్ద నున్నది. పేరు తరువాత రాఁగూడదా యని వాదింపవచ్చును. కాని దానికి సాక్ష్యము వలయును. క్రీ. శ. ఒకటవ శతాబ్దిలో నైగుప్తు గ్రీకువర్తకుఁడు రచించిన పెరిప్లసు గ్రంథమున మన రేవులకు వచ్చు సరకుల పట్టికలు గలవు. వానిలో ద్రాక్షసారాయము, రాగి, తగరము, సీసము, పగడములు గలవు. అపరాల పేరు కానరాదు. పోఁగా మిలిందపఞ్హమున మిలిందుని జన్మభూమియగు అలసంద శాకలమునకు 200 యోజనముల దూరమున నున్నదట. అది యీ నగరము గాక, హిందూకుష పర్వతపాదమున అలెగ్జాండరు నిలిపిన వేఱొక పట్టణ మని పలువు రందురు. ఒక్క పేరున కూళ్లే రెండైనపుడు గింజ నేయూరికిఁ గట్టుదును?

పగడముల సంగతి కొంత మేలు. కౌటిల్యుఁడు ‘ఆలకందక’ మను ప్రవాళమును జెప్పెను. అది యీ నగరనామమునుండి వచ్చినదని ఫ్రెంచి పండితుఁడగు సిల్వే లెవీ యూహించెను. ఎఱ్ఱపగడము మధ్యధరా సముద్రమునఁ బుట్టునది. పెరిప్లసు పట్టికలోను గలదు. ఇచ్చట ధ్వనికి సరకు తోడైనది. సంభావ్య మనవచ్చును, సిద్ధ మనరాదు.

ఇఁక సిద్ధమైన దొకటి కలదు. క్రీ. శ. రెండవ శతాబ్దిలో నీ నగరముననే నక్షత్రములను బరిశీలించిన క్లాడియసు టాలెమీ తన భూగోళగ్రంథమున, మన తూర్పుతీరపు ‘మైసోలియా’ దేశమున ‘కొంటకొస్సూల’ యను వర్తకస్థానమును జెప్పెను. కృష్ణామండలమందలి ఘంటసాలయే యది యందురు. ధ్వనిసామ్యము మాత్రమే యైనచో దీనిని గూడ నలసందలతోఁ బాటు ప్రక్కకుఁ బెట్టవలసియుండును. కాని ఘంటసాల ప్రాకృతశాసనమున ‘కంటకసోల’ యనియు, నాగార్జునకొండ శాసనమున ‘కంటకసేల’ యనియుఁ బేరు చెక్కఁబడి యున్నది. ధ్వని యొకటి, స్థలము రెండు, శిల మూఁడు. మూఁడును ఒకదాని కొకటి సాక్ష్యము. మన సీమ ముఖమైనఁ జూడని యొక జ్యోతిష్కుఁడు, నావికుల నోట విని, యీ రేవున మన యూరి పేరు వ్రాసికొనెను.

ఇట్లే కర్నూలు మండలమందలి ఎఱ్ఱగుడిలో నశోకుని పదునాలుగు ప్రధాన శిలాశాసనములును గలవు. అందుఁ బదుమూఁడవదానఁ బేర్కొన్న యవనరాజులలో ఈ నగరమునుండి యేలిన రెండవ టాలెమీ ‘తులమయ’ యనియు ‘తురమయ’ యనియుఁ బ్రతిభేదములఁ గనఁబడును. వారి గ్రంథమున మన యూరు, మన శిలపై వారి రాజు.

సదస్సు ముగియు దినమున నే నా విద్వాంసుని జూచి, “మీ ప్రశ్నకు నాయొద్ద నుత్తరము లేదు, నా మాటను విడిచితి” నని చెప్పి, ఘంటసాల కథ వినిపించితిని. ఆయన కొంటకొస్సూల యని రెండుమాఱు లుచ్చరించి వ్రాసికొనెను. నాఁటి సభలో నా మాట నమ్మి తమ రచనలలోఁ జేర్చుకొన్నవారు దానిని దిద్దుకొందురు గాక యని ప్రార్థించుచున్నాను. అలసంద నామమునకు సరియగు నిర్వచన మెవరైన సాధింపఁగలిగిన, దానిని మొదట నంగీకరించువాఁడను నేనే.