గాలి తీసిన మాత్రాన ఆహారము నిలుచునా?

ఇంటి వంటను గాలి తీసిన సంచులలో మూసి అడవి విడిదులకు కొనిపోవుట నేడు సామాన్యమైనది. దీనికి మూలము ఫ్రాన్సు దేశమున కలదు. మిఠాయి వర్తకుడైన నికొలా అప్పెర్ ఆహారమును సీసాలలో నింపి, బిరడా బిగించి, మరుగు నీటిలో ఉంచి నిలువచేసెను. 1810లో ప్రభుత్వము అతనికి 12,000 ఫ్రాంకులు బహూకరించెను.

ప్రాణవాయువు లేకపోవుటయే ఆ నిలువకు కారణమని గే-లుస్సాక్ అను శాస్త్రజ్ఞుడు భావించెను. ఆహారమును చెరచునవి సూక్ష్మజీవులనియు, వేడి వానిని అణచుననియు 1860 దశకమున లూయీ పాస్టర్ నిరూపించెను. 1895లో బెల్జియములో ఊరవేసిన పంది మాంసము తిని కొందరు మరణించిరి. గాలి లేనిచోటనే పెరిగి విషము పుట్టించు జీవి ఆ మాంసమున కలదని వాన్ ఎర్మెన్‌గెమ్ 1897లో ప్రకటించెను.

ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనె గాలిని ఆపును. కాని ఊరగాయను కాపాడునవి ముఖ్యముగా ఉప్పు, పులుపు. పప్పునకు, కూరకు ఆ రక్షణ లేదు. కావున వానిని సంచిలో మూసినను మంచుపెట్టెలోనే ఉంచవలెను. ఆ వసతి లేనిచోటికి అటుకులు, వేపుడు పిండి, కారపు పొడులు వంటి పొడి పదార్థములే క్షేమకరములు.