కొండభాష నేర్పిన పాఠం

మొన్నామధ్య అరకు సంతలో అల్లం బేరమాడుతున్నాం. అమ్ముతున్న ఇద్దరు ఆడవాళ్ళూ ధర మాకు తెలుగులో చెప్పి, మా గురించి మాత్రం తమ భాషలో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. "ఇదీ ఒక భాషేనా? రాతా లేదు, వ్యాకరణమూ లేదు" అంది మా వదిన. బేరం కుదరని కోపం కూడా ఉందనుకోండి. నాకు మాత్రం గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొచ్చారు.

అరకు కొండల వరసే ఈశాన్యంగా సాగి పర్లాకిమిడి దాకా వెళుతుంది. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగువారు 1880లో ఆ ఊరి రాజావారి స్కూల్లో 30 రూపాయల జీతానికి చేరారు. చుట్టూ సవరల కొండలు. సవరా తెలుగూ రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. (ఆ మనిషికి రోజూ వండి వడ్డించిందెవరో చరిత్ర రాయదు, మనకు తెలుసు!) సవర తెలుగుకి చుట్టం కాదు, ముండా కుటుంబానిది, కాంబోడియా వాళ్ళ భాష దానికి దూరపు బంధువు. గొంతులో టక్కున ఆగిపోయే ధ్వనులు మన అక్షరాల్లో ఒదగవు. అయినా పట్టు వదల్లేదు. సవరలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్ళు పెట్టి పంతుళ్ళకు జీతాలిచ్చారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి మింగిన క్వినైన్‌తో చెముడొచ్చింది. చెవితో నేర్చుకున్న భాషకి చెవినే ఇచ్చేశారు పాపం. ఆయన ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో గాని అచ్చువేయలేదు.

ఈలోగా యేట్స్ అనే దొర, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు, తెలుగు నేర్చుకుంటూ ఒక సందేహం వెలిబుచ్చాడు. పుస్తకాల తెలుగూ జనం తెలుగూ వేరువేరుగా ఎందుకున్నాయి? గిడుగువారి వాడుకభాషా ఉద్యమానికి ఈ ప్రశ్నే నాంది అంటారు. కాని జవాబు కొండల మీదే దొరికి ఉంటుందని నా ఊహ. లిపే లేని సవరకి అంత కట్టుదిట్టమైన వ్యాకరణం ఉన్నప్పుడు, మనమంతా మాట్లాడే తెలుగు తప్పుల తడక ఎలా అవుతుంది?

ఇక విమర్శకు దిగారు. ఆయన పద్ధతి చూడండి, నోటిమాటగా కాదు, సాక్ష్యాలతో వాదన! పండితులు తప్పన్న ప్రయోగాలు మహాకవుల్లోనే ఉన్నాయని 'బాలకవి శరణ్యం'లో చూపించారు. వెనకటి వచనం వాడుకకి ఎంత దగ్గరో 'గద్యచింతామణి'లో పోగుచేశారు. గ్రాంథికమే రాయాలన్న పండితుల రాతల్లోనే గ్రాంథికపు తప్పులు ఏరి, 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' అని పేరు పెట్టారు. వైద్యులకే మందు అన్నమాట! 1919లో 'తెలుగు' పత్రిక నడిపారు. ఆ ఏడే వీరేశలింగంగారు కూడా ఆయన పక్షాన నిలిచారు. దాదాపు అప్పుడే, 1917లో, చైనాలో హూ షి అనే యువకుడు జనం మాటలోనే సాహిత్యం రావాలని వ్యాసం రాశాడు. ఇద్దరికీ పరిచయమేమీ లేదు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. తెలుగు ప్రాంతంలోనే ఉంటానని ఆయన రాజమండ్రి వచ్చేశారు. ఆ సంవత్సరమే మంగెయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు సొంతంగా ఒక లిపి కల్పించాడు. 1940లో గిడుగువారు పోయారు. ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆ సభల్లో సవర మాట ఎత్తేవారిని నేనైతే అరుదుగా చూశాను.

ఇదంతా తిరుగు బస్సులో మా వదినకి చెప్పుకొచ్చాను. శ్రద్ధగా విని, "అయితే వాళ్ళు మనల్ని ఏమని నవ్వారంటావు?" అంది.