అమెరికాలో ఉద్యోగం.. ఊళ్లో నాన్నతో జాయింట్ ఎఫ్‌డీ: పన్ను లేకపోయినా లెక్క చెప్పాల్సిందే!

అమెరికాలో ఉద్యోగం. జీతం మీద పన్ను కంపెనీయే కట్ చేస్తోంది. ఏటా డబ్ల్యూ2 దగ్గర పెట్టుకుని రిటర్న్ వేసేస్తున్నారు. ఇక మన పని అయిపోయింది అనుకునేవాళ్లే ఎక్కువ. కానీ ఆంధ్రా, తెలంగాణ నుంచి వెళ్లిన చాలామంది మర్చిపోయే విషయం ఒకటుంది. అదే ఇండియాలోని బ్యాంకు ఖాతాలు. వాటి మీద ఒక్క డాలర్ పన్ను పడకపోయినా, వివరాలు చెప్పనందుకే వేల డాలర్ల జరిమానా పడే అవకాశం ఉంది. ఎవరు చెప్పాలి? ఏమేం చెప్పాలి? ఇన్నాళ్లూ చెప్పకపోతే దారేంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు మీరు ఏ లెక్కలోకి వస్తారో తెలుసుకోండి

అమెరికా పన్ను చట్టంలో రెసిడెంట్ అంటే గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు మాత్రమే కాదు. హెచ్1బీ, ఎల్1 వీసాల మీద ఉన్నవాళ్లు కూడా రోజుల లెక్క ప్రకారం రెసిడెంట్ అవుతారు. ఈ ఏడాది కనీసం 31 రోజులు అమెరికాలో ఉండాలి. ఈ ఏడాది ఉన్న రోజులన్నీ, పోయిన ఏడాది రోజుల్లో మూడో వంతు, అంతకుముందు ఏడాది రోజుల్లో ఆరో వంతు కలిపితే 183 దాటాలి లేదా సరిపోవాలి. అప్పుడు మీరు పన్ను లెక్కల్లో రెసిడెంట్.

ఎఫ్1 విద్యార్థులకు మినహాయింపు ఉంది. మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాల పాటు వాళ్ల రోజులు ఈ లెక్కలోకి రావు. వాళ్లు ఫారం 8843 ఇవ్వాలి, ఆదాయం ఉంటే 1040ఎన్ఆర్ వేయాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. 2021 ఆగస్టులో దిగినా 2021 మొత్తం ఒక సంవత్సరం కిందే లెక్క. అంటే 2025తో ఐదేళ్లు పూర్తి. 2026 నుంచి, ఓపీటీలోనే ఉన్నా, రోజుల లెక్క మొదలవుతుంది.

రెసిడెంట్ అయితే ఏం మారుతుంది? అమెరికాలో వచ్చే ఆదాయమే కాదు, ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా అమెరికా రిటర్న్‌లో చూపించాలి. దాంతో పాటు విదేశీ ఖాతాల వివరాలూ ఇవ్వాలి.

ఎఫ్‌బార్ అంటే ఏంటి?

విదేశీ బ్యాంకు ఖాతాల మీద ఇచ్చే రిపోర్టునే ఎఫ్‌బార్ అంటారు. ఇది పన్ను రిటర్న్ కాదు. ఐఆర్ఎస్‌కు కాదు, అమెరికా ఖజానా శాఖ కింద ఉండే ఫిన్‌సెన్‌కు ఆన్‌లైన్‌లో విడిగా పంపాలి. అమెరికా బయట ఉన్న మీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఇది తప్పనిసరి. మన లెక్కలో అటూ ఇటూగా తొమ్మిది లక్షల రూపాయలు.

ఒక్కో ఖాతాలో కాదు, అన్నీ కలిపి అన్నది గుర్తుంచుకోండి. ఒక్కో ఖాతాలో ఏడాది మొత్తంలో ఎక్కువలో ఎక్కువ ఎంత ఉందో చూసి వాటిని కూడాలి. రూపాయలను డాలర్లలోకి మార్చడానికి డిసెంబర్ 31 నాటి ఖజానా శాఖ రేటు వాడాలి. పరిమితి దాటితే నాలుగు వేలు మాత్రమే ఉన్న పాత ఖాతా సహా అన్నీ చూపించాలి.

నాన్న డబ్బే కదా అనుకుంటే..

ఉదాహరణకు గుంటూరు నుంచి వెళ్లిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని తీసుకుందాం. ఎన్ఆర్ఈ ఖాతాలో మూడు లక్షలున్నాయి. ఊళ్లో పొలం అమ్మిన డబ్బు ఎనిమిది లక్షలు తండ్రి ఎఫ్‌డీ చేశారు. రేపు తనకేమైనా అయితే ఇబ్బంది లేకుండా ఉండాలని కొడుకు పేరు కూడా జాయింట్‌గా పెట్టారు. కొడుకు ఆ డబ్బు ముట్టుకోలేదు. అయినా ఎఫ్‌బార్‌లో ఆ ఎనిమిది లక్షలూ కొడుకు లెక్కలోకి వస్తాయి. మొత్తం పదకొండు లక్షలు. పరిమితి దాటినట్టే.

డబ్బు మీది కాకపోయినా, ఆ ఖాతా మీద సంతకం చేసే అధికారం ఉంటే చాలు, చెప్పాలి. కేవలం నామినీగా ఉంటే మాత్రం అవసరం లేదు. కాబట్టి అమ్మానాన్నల ఖాతాల్లో మీ పేరు ఏ హోదాలో ఉందో ఒకసారి ఫోన్ చేసి అడగండి.

ఏవి లెక్కలోకి వస్తాయి? ఏవి రావు?

సేవింగ్స్, ఎన్ఆర్ఈ, ఎన్ఆర్‌ఓ ఖాతాలు, ఎఫ్‌డీలు, డీమ్యాట్ ఖాతా, మ్యూచువల్ ఫండ్లు ఎఫ్‌బార్‌లోకి వస్తాయి. సరెండర్ విలువ ఉన్న ఎల్ఐసీ పాలసీ కూడా వస్తుంది. మీ పేరు మీద నేరుగా ఉన్న పొలం, ఇంటి స్థలం, ఫ్లాట్, బీరువాలో బంగారం దీనిలోకి రావు. కానీ వాటి మీద వచ్చే ఆదాయం సంగతి వేరు.

ఇండియాలో పన్ను లేదు.. అమెరికాలో ఉంది

చాలామంది పొరపడేది ఇక్కడే. ఎన్ఆర్ఈ ఎఫ్‌డీ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు. అమెరికాలో ఉంది. పీపీఎఫ్ వడ్డీని కూడా అమెరికా ఆదాయంగానే చూస్తుంది. పొలం కౌలు ఇండియాలో వ్యవసాయ ఆదాయం కాబట్టి పన్ను ఉండదు, కానీ పొలం మీ పేరు మీద ఉంటే ఆ కౌలు అమెరికా రిటర్న్‌లో రాయాలి. హైదరాబాద్‌లో ఫ్లాట్ అద్దెకూ అదే రూల్.

మ్యూచువల్ ఫండ్ల విషయంలో ఇంకాస్త జాగ్రత్త అవసరం. ఇండియా ఫండ్లకు అమెరికాలో ఫారం 8621 కింద ప్రత్యేక నిబంధనలున్నాయి. లాభం మీద అత్యధిక రేటు పన్ను, దానిపై వడ్డీ కూడా పడే పరిస్థితి వస్తుంది. అమెరికాలో ఉంటూ ఇండియాలో కొత్త సిప్ మొదలుపెట్టే ముందే నిపుణుల్ని అడగడం మంచిది.

రెండు చోట్లా పన్ను కట్టాలా?

రెండు దేశాల మధ్య 1989లో కుదిరిన పన్ను ఒప్పందం ఉంది. ఇండియాలో కట్టిన పన్నును ఫారం 1116 ద్వారా అమెరికాలో తగ్గించుకోవచ్చు. అయితే ఇందులోనూ ఒక చిక్కు ఉంది. ఎన్ఆర్‌ఓ వడ్డీ మీద బ్యాంకులు 30 శాతం టీడీఎస్, దానిపై సెస్ పట్టుకుంటాయి. ఒప్పందం ప్రకారం సాధారణంగా ఇండియా తీసుకోవాల్సింది 15 శాతమే. ఎక్కువ పట్టుకున్నది అమెరికా ఇవ్వదు. ఇండియాలో రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాలి. లేదా ఐఆర్ఎస్ ఇచ్చే రెసిడెన్సీ సర్టిఫికెట్, ఫారం 6166, ముందే బ్యాంకుకు ఇచ్చి తక్కువ రేటు అడగాలి.

మరో మాట. చదువుకునే రోజుల్లో తెరిచిన సేవింగ్స్ ఖాతాను అలాగే నడపకూడదు. ఉద్యోగం కోసం విదేశానికి వెళ్లాక దాన్ని ఎన్ఆర్‌ఓగా మార్చుకోవాలి.

వాళ్లకెలా తెలుస్తుంది?

2015 నుంచి ఇండియా, అమెరికా మధ్య ఫాట్కా ఒప్పందం అమల్లో ఉంది. బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు, కేవైసీ చేసేటప్పుడు ఏ దేశంలో పన్ను కడుతున్నారని అడిగేది ఇందుకే. బ్యాంకులు ఇచ్చే వివరాలు ఆదాయపు పన్ను శాఖ ద్వారా అమెరికాకు చేరతాయి.

పైగా అమెరికా రిటర్న్‌లోని షెడ్యూల్ బీలో, విదేశీ ఖాతాలున్నాయా అన్న ప్రశ్న నేరుగా ఉంటుంది. ఖాతాలుండి కూడా లేవని టిక్ పెడితే, తెలిసే దాచారనడానికి అదే ఆధారం కావచ్చు.

పొరపాటున ఎఫ్‌బార్ ఇవ్వకపోతే చట్టంలో జరిమానా 10,000 డాలర్ల వరకు ఉంది. ద్రవ్యోల్బణం ప్రకారం ఏటా పెరుగుతుంది. అది ఒక్కో ఖాతాకు కాదు, ఒక్కో ఏడాది రిపోర్టుకే అని 2023లో బిట్నర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. తెలిసే దాచితే మాత్రం ఖాతాలోని మొత్తంలో సగం దాకా పోవచ్చు.

నిల్వలు ఇంకా ఎక్కువగా ఉంటే రిటర్న్‌తో పాటు ఫారం 8938 కూడా ఇవ్వాలి. అమెరికాలో ఉండే ఒంటరి వ్యక్తికి ఏడాది చివరి రోజు 50,000 లేదా మధ్యలో ఎప్పుడైనా 75,000 డాలర్లు దాటితే, కలిసి రిటర్న్ వేసే దంపతులకు 100,000 లేదా 150,000 డాలర్లు దాటితే ఇది వర్తిస్తుంది. అమ్మానాన్నలు ఇల్లు కొనుక్కోమని పంపిన డబ్బు ఏడాదిలో 100,000 డాలర్లు దాటితే ఫారం 3520 ఇవ్వాలి. దానికి పన్ను ఉండదు. చెప్పకపోతే జరిమానా ఉంటుంది.

ఇన్నాళ్లూ చెప్పలేదు.. ఇప్పుడేం చేయాలి?

కంగారు పడి ఖాతాలు మూసేస్తే ప్రయోజనం లేదు. ఐఆర్ఎస్ నుంచి నోటీసు రాకముందే సరిచేసుకోవడం ముఖ్యం. ఆదాయమంతా చూపించి ఎఫ్‌బార్ మాత్రమే మర్చిపోతే, కారణం రాసి ఆలస్యంగా ఇచ్చే పద్ధతి ఉంది. వడ్డీ, అద్దె కూడా చూపించకపోతే స్ట్రీమ్‌లైన్డ్ విధానం ఉంది. అందులో 3 ఏళ్ల రిటర్న్‌లు సవరించి, 6 ఏళ్ల ఎఫ్‌బార్‌లు ఇవ్వాలి. అమెరికాలో ఉన్నవాళ్లు సంబంధిత విదేశీ ఆస్తుల గరిష్ఠ విలువలో 5 శాతం జరిమానా కట్టాలి. కావాలని దాచలేదని సంతకం చేయాలి కాబట్టి ఇది సొంతంగా చేసుకునే పని కాదు.

ఈ తేదీలు గుర్తుంచుకోండి

* ఏప్రిల్ 15: అమెరికా రిటర్న్, ఎఫ్‌బార్ గడువు.
* అక్టోబర్ 15: ఎఫ్‌బార్‌కు అడగకుండానే వచ్చే అదనపు గడువు. రిటర్న్‌కైతే ఫారం 4868 పెట్టాలి. అప్పుడు కూడా కట్టాల్సిన పన్ను ఏప్రిల్‌లోనే కట్టాలి.
* జూలై 31: ఇండియాలో వడ్డీ, అద్దె ఆదాయం ఉన్నవాళ్లకు సాధారణంగా రిటర్న్ గడువు.

ఇండియా లెక్క ఏప్రిల్ నుంచి మార్చి వరకు, అమెరికా లెక్క జనవరి నుంచి డిసెంబర్ వరకు. అందుకే బ్యాంకును అడిగేటప్పుడు జనవరి నుంచి డిసెంబర్ స్టేట్‌మెంట్ విడిగా తీసుకోండి. ఎఫ్‌బార్ కాగితాలు కనీసం 5 ఏళ్లు దాచాలి.

గమనిక: ఈ వివరాలు అవగాహన కోసమే. ఒక్కొక్కరి పరిస్థితి ఒక్కోలా ఉంటుంది. నిర్ణయం తీసుకునే ముందు రెండు దేశాల పన్ను నిబంధనలు తెలిసిన నిపుణుల్ని సంప్రదించండి.