స్టార్టర్ డబ్బా సాక్ష్యం

ఇటు జరుగు పిల్లగా, ఇంకో రెండు కట్టెలు ఎగదోయి. నువ్వు రాసిన ఖూనీ కథ మొత్తం చదివిన. చంపినోని లోపలి కోపం మంచిగ పట్టుకున్నవ్. కని బాయికాడ కరెంటు ముచ్చట నాకు మనసున పట్టలే. పాతకాలం సంగతి చెప్త, ఇను.

అప్పట్ల మన చేర్యాల వరంగల్ జిల్లాల ఉండె. సిద్దిపేటల కలిసింది 2016ల గద. డిటెక్టివ్ నవల ఒకటి దొరికిందంటే అట్టలు ఊడేదాక చేతులు మారేది. కొమ్మూరి సాంబశివరావు రాసిన యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు మాకు ఇంటోళ్ల లెక్కనే. యుగంధర్ కంటే ముందుగాల హంతకుణ్ణి పట్టాలెనని మాకు పందెం. ఆ పందెం సాగాలంటే రాసేటోడు ఒక్క మాట తప్పొద్దు. ఖూనీ కథల మనుషులు ఎంతన్న అబద్ధమాడనీ, వస్తువులు మాత్రం ఆడొద్దు.

సైకిల్ డైనమోనే తీసుకో. టైరుకు రాసుకుంట తిరిగితేనే దాంట్ల కరెంటు పుడ్తది. చక్రం ఆగిందా, లైటు ఆరింది. సైకిల్ చింతచెట్టుకు ఆనిచ్చి, దాని వెలుతుర్ల హంతకుని మొఖం జూసిన అని ఒకడు చెప్పిండనుకో. నీకు డైనమో తెలిస్తే వాడు దొంగ సాక్షి అయితడు, కథకు ఆధారం దొరుకుతది. తెల్వకపోతే కథే కూలుతది.

రివాల్వర్ గూడ అంతే. గుండ్లు పెట్టే చక్రానికి, గొట్టానికి నడుమ సన్నటి సందుంటది. చప్పుడు అండ్లకెల్లి బయటికొస్తది కాబట్టి మామూలు రివాల్వర్‌కు సైలెన్సర్ బిగించి లాభం లేదు. కాల్చినంక ఖాళీ డొల్ల దాంట్లనే ఉంటది. పిస్తోలుదైతే బయటికి ఎగిరి పడ్తది.

జేమ్స్ బాండ్ కథలు రాసిన ఇయాన్ ఫ్లెమింగ్‌కు 1956ల జెఫ్రీ బూత్‌రాయిడ్ అని తుపాకుల సంగతి బాగ తెలిసినాయన ఉత్తరం రాసిండు. కథలల్ల బాండ్ చేతిల ఉండే బెరెట్టా పిస్తోలు అసోంటోనికి తగదన్నడు. ఫ్లెమింగ్ తప్పు పట్టుకోలే. 1958ల వచ్చిన 'డాక్టర్ నో'ల బాండ్‌కు వాల్తర్ పీపీకే ఇప్పిచ్చిండు, ఆయుధాలు చూసే పాత్రకు బూత్‌రాయిడ్ పేరే పెట్టిండు. నాకు ఆ ముచ్చట చాన ఇష్టం.

ఇగ నీ కథ. నడిరాత్రి కరెంటు పోయింది, మూడు గంటలకు మల్ల వచ్చింది, మోటరు దానంతట అదే నడిచి అడుగుల జాడలు నీళ్లకు కొట్టుకపోయినయ్ అని రాసినవ్. ఎట్ల నడిచింది? స్టార్టర్ డబ్బాల ఒక కాయిల్ ఉంటది. కరెంటు ఉన్నంతసేపు అది అయస్కాంతమై లోపలి పట్టీలను పట్టుకుంటది, పోంగనే ఇడుస్తది. కరెంటు మల్ల వచ్చినా మోటరు లేవదు, మనిషి పోయి పచ్చ బటన్ ఒత్తాలె. అందుకే రైతులు నడిరాత్రి బ్యాటరీ లైటు పట్టుకొని బాయికాడికి పోయేది. చీకట్ల పాము కరిచి పోయినోళ్లున్నరు, షాకు కొట్టి పోయినోళ్లున్నరు. వాళ్లను యాది చేసుకుంటే ఇప్పటికీ కడుపుల దేవినట్టయితది. ఆ గోసకే ఆటో స్టార్టర్లు పెట్టుకున్నరు. కరెంటు రాంగనే మోటరు లేచేది. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు ఇచ్చినంక, ఆటో స్టార్టర్లు తీసేయుమని సర్కారు చెప్పింది. లేకుంటే అక్కర లేకున్నా మోటర్లు రాత్రంత పోస్తయి, భూమిల నీళ్లు అడుగంటుతయి.

అందుకే నీ కథ ఏ ఏడుదో ముందుగాల ఖాయం చెయ్యి. ఆటో స్టార్టర్ ఉన్న బాయైతే ఆ మాట మొదట్లనే, ఎవ్వనికీ అనుమానం రాని చోట చెప్పు. లేదంటవా, మూడు గంటలకు ఎవడో డబ్బా ముందట నిలబడి బటన్ ఒత్తిండు. నువ్వు ఏడు పేజీలు తిరిగి ఎతికిన హంతకుడు వాడే!

రేపు పొద్దుగాల బాయికాడికి పోదం. ఫ్యూజులు పీకినంక డబ్బా మూత ఇప్పి కాయిల్ చూపెడ్త. అది చూసి వచ్చి, ఆ మూడు గంటల ముచ్చట మల్ల రాయి.