పౌరుషగ్రంథి క్యాన్సర్ పునరాగమనము: చిత్రణ చరిత్ర

పౌరుషగ్రంథిని శస్త్రచికిత్సచే సమూలముగ తీసివేసిన పిమ్మట రక్తములో పి.ఎస్.ఎ. అను ప్రోటీను ఇంచుమించు శూన్యము కావలెను. అది మరల మిల్లీలీటరునకు 0.2 నానోగ్రాములకు చేరి, రెండవ పరీక్షయందును అట్లే నిలిచెనేని, వ్యాధి తిరిగి తలయెత్తినదని వైద్యులు నిర్ణయింతురు. అయితే రక్తము వ్యాధి కలదని మాత్రమే పలుకును. ఎచ్చట దాగియున్నదో పలుకదు. చిరకాలము ఆ చోటును వెదకుటకు సి.టి.యు, ఎముకల స్కానును ముఖ్యమైన దిక్కు. పి.ఎస్.ఎ. స్వల్పముగ నున్నంతకాలము అవి చూపునది బహు తక్కువ.

1987లో హొరోషెవిచ్ అను శాస్త్రజ్ఞుని బృందము 7ఇ11 అను ప్రతిరక్షకముచే పౌరుషగ్రంథి క్యాన్సర్ కణముల పొరయందలి పి.ఎస్.ఎం.ఎ. అను పదార్థమును గుర్తించెను. ఆ ప్రతిరక్షకమునకు ఇండియము-111 జోడించిన ప్రోస్టాసింటు అను స్కాను మందునకు 1996లో అమెరికాలో అనుమతి లభించెను గాని, ప్రతిరక్షకము అంటుకొను చోటు కణము లోపలి వైపుననుండుటచే, అది బ్రతికియున్న కణమును విడిచి చచ్చుచున్న దానినే ఎక్కువగ పట్టెడిది. దొంగ లోపలనుండగా వాకిట కాపున్నట్లాయెను. 2012లో అమెరికాలో అనుమతి పొందిన మరియొక స్కాను మందు కార్బన్-11 కోలీను; దాని అర్ధాయువు 20 నిమిషములే గనుక దూరము పంపుట కష్టము.

2011లో జర్మనీయందలి హైడెల్‌బెర్గున గాలియము-68తో కూర్చిన పి.ఎస్.ఎం.ఎ.-11ను తొలిసారి రోగికిచ్చి పెట్ స్కాను తీసిరి. ఈ చిన్న అణువు కణము వెలుపలి భాగమునే పట్టును. పి.ఎస్.ఎం.ఎ. నిజమునకొక ఎంజైము, ఫోలేట్ హైడ్రొలేస్ అని దానికి మారుపేరు, ఫోలేటునుండి గ్లుటమేటును తెంచుట దాని పని. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యమున లెడర్లీ ప్రయోగశాలలో 1945లో కృత్రిమముగ నిర్మితమైన ఫోలిక్ ఆమ్లమునకు దీనితో చుట్టరికము కలదని తెలుగువారు గుర్తుంచుకొనదగును. గాలియము-68 పి.ఎస్.ఎం.ఎ.-11నకు అమెరికాలో అనుమతి 2020 డిసెంబరులో లభించెను. మరుసటి యేట ఫ్లోరిన్-18తో చేసినది వచ్చెను.

గాలియము అర్ధాయువు 68 నిమిషములు గనుక అది వాడుచోటికి దగ్గరలోనే తయారు కావలెను. ఫ్లోరినునకు 110 నిమిషములుండుటచే బండిపై పంపవచ్చును; కాని హైదరాబాదున తయారైన మందు 65వ జాతీయ రహదారిపై బయలుదేరి, ఆంధ్రప్రదేశ్ సరిహద్దునందలి గరికపాడు చెక్‌పోస్టు దాటుసరికి మూడు గంటల నలుబది నిమిషములు గడచెనేని, దాని రేడియోధార్మికతలో నాలుగవ వంతే మిగులును. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు రోగి తానే స్కానున్న నగరమునకు పోవుట మేలు.

2019లో ప్రకటితమైన 635 మంది పరిశీలనయందు, పి.ఎస్.ఎ. 0.5 లోపున్నవారిలో నూటికి 38 మందికే గాలియము-68 పి.ఎస్.ఎం.ఎ.-11 స్కాను వ్యాధిస్థానమును చూపెను. 5 గాని అంతకెక్కువ గాని ఉన్నవారిలో నూటికి 97 మందికి చూపెను. కావున స్కానులో ఏమియు కానరాకున్నను, పి.ఎస్.ఎ. పెరుగుచున్నవారు రక్తపరీక్షను మానరాదు.